మీవాడు

మాకు ఆట అంటే ముందు క్రికెట్టు. క్రికెట్టంటే ఒక ప్రశ్న. ఇండియా, పాకిస్తాన్ ఆడే రోజున హోటల్లోనో బస్సులోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు భుజం మీద చెయ్యేసి అడుగుతారు: 'ఏం భాయ్, ఎవరు గెలవాలి?' నవ్వుతూ అడుగుతారు. మేమూ నవ్వుతూనే జవాబు చెబుతాం. మా అబ్బాజాన్ చెప్పారు, మేం చెప్పాం, ఇప్పుడు మా పిల్లలు చెబుతున్నారు. ఇండియా గెలవాలనే మేం కోరుకుంటాం. కానీ ఆ కోరిక మా గుండెలోంచి నోటిదాకా వచ్చేలోగా దానికి రశీదు అడుగుతారు. రశీదు చూపించాల్సి వచ్చిన ప్రేమ ఎంత నొప్పి పెడుతుందో అడిగేవాళ్లకి తెలీదు.

అందుకే డార్ట్స్ మాకు నచ్చింది. ఆ ఆటలో మమ్మల్ని అడగడానికి ఏమీ లేదనుకున్నాం.

రాత్రి డ్యూటీల్లో పరిచయమైన ఆట అది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ లండన్‌లో డిసెంబరు మధ్యలో మొదలై జనవరి మొదటి వారం దాకా సాగుతుంది. అక్కడ సాయంత్రం ఏడంటే మనకి అర్ధరాత్రి దాటి అరగంట. ఆఖరి ఎడిషన్ పేజీలు వెళ్లిపోయాక స్కోర్లు చూసేవాళ్లం. మర్నాడు తీరిగ్గా వీడియోలు చూసేవాళ్లం. ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి బతికేవాళ్లం. ఏ భాషలోనూ దాని గురించి రాయమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అదే హాయిగా ఉండేది.

ఆట చూడ్డానికి చిన్నది. కిత్తనారని గట్టిగా అదిమి చేసిన గుండ్రటి బోర్డు. దాని నడిమి చుక్క నేల నుంచి 5 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉండాలి. 7 అడుగుల 9¼ అంగుళాల దూరం నుంచి వంతుకి మూడు బాణాలు విసరాలి. ఇద్దరూ 501 దగ్గర మొదలుపెట్టి తీసేసుకుంటూ సున్నాకి రావాలి. ఆఖరి బాణం మాత్రం అంచున ఉండే సన్నటి డబుల్ గడిలోనో, నడిమి ఎర్ర చుక్కలోనో దిగాలి. 20 అంకెకి అటూ ఇటూ 1, 5 అంకెలు ఉంటాయి. పెద్ద అంకెకి గురిపెట్టి వెంట్రుకవాసి తప్పితే చేతికొచ్చేది అయిదో, ఒకటో. ఆశపడ్డవాడికి ఇంత దగ్గర్లో శిక్ష పెట్టిన ఆట ఇంకోటి మేం చూడలేదు.

పుట్టింది పబ్బుల్లో. 1980ల చివరిదాకా ఆటగాళ్లు వేదిక మీదే తాగుతూ, సిగరెట్లు కాలుస్తూ ఆడేవాళ్లు. తర్వాత ఆపించారు. హాల్లో జనం మాత్రం ఇప్పటికీ బీరు జగ్గులు పట్టుకునే కూచుంటారు. మా అమ్మీ ఒకసారి మా భుజం మీద నుంచి చూసి 'లాహౌల్' చదివి వెళ్లిపోయింది. జనం వేషాలు కూడా వేసుకొస్తారు. నన్‌లు, కార్టూన్ బొమ్మలు, అరబ్బు షేఖులు. అర్ధరాత్రి ఆట అయిపోగానే షేఖు వేషం తీసి మడతపెట్టి రైలెక్కుతారు. వాళ్ల సరదా వాళ్లది. తప్పుపట్టం. కానీ మా టోపీ, మా అమ్మీ బురఖా వేషాలు కావు. వాటిని చూసి మమ్మల్ని లెక్కగట్టే కళ్లు మా వెంట రైలు దాకా వస్తాయి. ఆ తేడా చూసి నవ్వలేకపోయాం.

2019 డిసెంబరు 17న ఫాలన్ షెరాక్ అనే ఇంగ్లండు యువతి టెడ్ ఎవెట్స్‌ని 3-2తో ఓడించింది. ఆ ప్రపంచ పోటీలో ఒక స్త్రీ పురుషుడి మీద గెలవడం అదే మొదలు. కెనడాకి చెందిన గేల్ కింగ్ 2001 నాటి పోటీలోనే ఆడింది. గెలుపు రావడానికి పద్దెనిమిదేళ్లు పైనే పట్టింది. బోర్డు ఒకటే, గీత ఒకటే, బాణం బరువు మోసే చెయ్యే కావాలి. అయినా అంతకాలం పట్టింది! ఫాలన్ అంతకుముందు ఇళ్లకి వెళ్లి జుట్టు కత్తిరించే పని చేసేది. బిడ్డని పెంచుకుంటూ ఆడేది.

నాలుగు రోజులకి, డిసెంబరు 21న, రెండో రౌండులో ఆమెకి ఎదురుగా నిలబడ్డవాడు పదకొండో సీడు. ఆస్ట్రియా తరఫున ఆడతాడు. పేరు మెన్సూర్ సుల్యోవిచ్.

మెన్సూర్! అంటే మన మన్సూరే.

ఆ వార్త తెలుగులోకి మారుస్తుంటే పక్క కుర్చీలోని మిత్రుడు స్క్రీన్‌లోకి తొంగిచూశాడు. 'అరె, మీవాడే గదా' అన్నాడు. స్కోరు చదివాక మళ్లీ అన్నాడు: 'మీవాడు ఓడిపోయాడు. అదీ ఆడమనిషి చేతిలో.' ద్వేషంతో అన్న మాట కాదు. ఆ మిత్రుడు మాతో టీ పంచుకునేవాడే, రంజానుకి మా ఇంట్లో హలీం తినేవాడే. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. ప్రశ్న లేని ఆట అనుకున్నాం. ప్రశ్న లండన్ చుట్టు తిరిగి మా బల్ల మీదికే వచ్చింది.

'మీవాడు' చిన్న మాట. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని మాకు అంటగడుతుంది. పక్కనే కూచున్న మమ్మల్ని అతని పక్కకి నెట్టేస్తుంది. మన్సూర్ అనగానే మాకు గుర్తొచ్చేది మన్సూర్ అలీఖాన్ పటౌడీ. 1961లో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయినా మరుసటి ఏడాదే, 1962లో, 21 ఏళ్లకి భారత జట్టుకి కెప్టెన్ అయినవాడు. మన హైదరాబాద్ తరఫున రంజీ ఆడినవాడు. ఆయన్ని దేశమంతా 'మనవాడు' అంది. పేరు అదే. ఆయన గెలిపిస్తే మనవాడు, ఈయన ఓడితే మీవాడు!

సరే, ఆ మెన్సూర్ ఎవరి మనిషి? పుట్టింది 1972లో టుటిన్ అనే ఊళ్లో. అప్పుడది యుగోస్లావియా, ఇప్పుడు సెర్బియా. దేశం ముక్కలైన రోజుల్లో ఆస్ట్రియా చేరి, ఆ జెండా కిందే ఆడాడు. 2017లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో గ్యారీ ఆండర్సన్‌ని 11-9తో ఓడించాడు. 2021 ప్రపంచకప్‌లో ఆస్ట్రియా జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. ఆ జట్టు మొత్తం ఇద్దరే: టుటిన్‌లో పుట్టిన ఈయన, ఫిలిప్పీన్స్ మూలాలున్న రోబీ జాన్ రోడ్రిగెజ్. వాళ్లు నెగ్గిన ప్రతిసారీ మోగింది ఆస్ట్రియా పేరే. ఆయన విసరడం నిదానం. చెయ్యి ఆగి, ఊగి, మళ్లీ ఆగి విడుస్తుంది. ఎదుటివాళ్లకి విసుగు పుడుతుంది. అభిమానులు పెట్టుకున్న పేరు మాత్రం 'జెంటిల్'. ఆ రాత్రి హాలు హాలంతా ఫాలన్ వైపే. ఆయన డబుల్ తప్పితే సంబరం. ఆమె నడిమి ఎర్ర చుక్కలో ఆఖరి బాణం దింపి 3-1తో గెలిచింది.

మర్నాడు ఇంట్లో వీడియో పెట్టాం. మా చెల్లెలు బ్యూటీపార్లర్ నడుపుతుంది. మెన్సూర్ పేరు విని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. 'భాయీజాన్, కత్తెర పట్టిన చెయ్యి అది. వణకదు' అంది. అమ్మీ కూడా ఈసారి లాహౌల్ చదవలేదు. ఆఖరి బాణం దిగగానే చెల్లెలూ అమ్మీ చప్పట్లు కొట్టారు. మా ఇంట్లో 'మీవాడు' ఎవరో మా ఆడవాళ్లు అలా తేల్చారు. ఆమే! పనిచేసి బతికే చెయ్యి వాళ్లకి చుట్టం. పేరు తర్వాత సంగతి.

ఆ పోటీ జరిగే అలెగ్జాండ్రా ప్యాలెస్‌కి కూడా ఒక కథ ఉంది. 1873లో తెరిచిన పదహారు రోజులకే కాలిపోయింది. మళ్లీ కట్టి 1875లో తెరిచారు. మొదటి ప్రపంచయుద్ధంలో దాన్నే నిర్బంధ శిబిరం చేశారు. ఇంగ్లండులో ఉంటున్న జర్మన్, ఆస్ట్రియన్ మామూలు జనాన్ని తెచ్చి అందులో పెట్టారు. వాళ్లు తుపాకీ పట్టినవాళ్లు కాదు. పేరూ, పుట్టిన ఊరూ చాలాయి. వందేళ్లు గడిచాయి. ఇప్పుడు ప్రతి డిసెంబరుకీ జర్మన్లు టిక్కెట్లు కొనుక్కుని అక్కడికే వస్తున్నారు. 2023 జనవరిలో గాబ్రియెల్ క్లెమెన్స్ అక్కడ సెమీఫైనల్ చేరిన మొదటి జర్మన్ అయ్యాడు. ఆస్ట్రియా చొక్కాతో మెన్సూర్ నిలబడి బాణాలు వేసింది ఆ చోటే. పేరు చూసి పగవాణ్ణి చేసిన చోటే పేరు పిలిచి చప్పట్లు కొడుతున్నారు. చోటు మారలేదు, పిలిచే గొంతు మారింది.

2025 డిసెంబరులో అదే వేదిక మీద నితిన్ కుమార్ నెదర్లాండ్స్ ఆటగాడు రిచర్డ్ వీన్‌స్ట్రాని 3-2తో ఓడించాడు. ఆ పోటీలో భారతీయుడు మ్యాచ్ గెలవడం అదే మొదటిసారి. స్కోరు చూసి మేం కుర్చీలోంచి లేచిపోయాం. 'షాబాష్' అని గట్టిగానే అరిచాం. అప్పుడు గదిలో ఇంకెవరూ లేరు. ఎవరు గెలవాలని ఎవరూ అడగలేదు. మేం ఎవరికీ జవాబు చెప్పలేదు. నలభై ఏళ్లు దాటిన వయసులో, దేశం గెలిస్తే లోపలి నుంచి వచ్చే సంతోషం రుచి మొదటిసారి కల్తీ లేకుండా తెలిసింది.

మాకు కావలసింది అదే. మమ్మల్ని అడక్కండి. ఫాలన్‌కి కొట్టిన చప్పట్లు, మెన్సూర్ కోసం కలుక్కుమన్న మనసు, నితిన్ కోసం వేసిన కేక, మూడూ మావే. వాటిలో ఏ ఒక్కదానికీ రశీదు లేదు. ఇవ్వం కూడా.