అలకీ రోడ్డుకీ మధ్య

విశాఖపట్నం నుంచి భీమిలి రోడ్డున కారులో పోయేవాళ్లకి సముద్రం ఏడాది పొడుగునా ఒక్కలాగే ఉంటుంది. ఒకనాడు నీలం, ఒకనాడు బూడిదరంగు, అంతే. రుతువులు చూడాలంటే నీళ్లకేసి కాదు, నీళ్లకీ రోడ్డుకీ నడుమ మిగిలిన ఇసకకేసి చూడాలి. ఇప్పుడది కొన్నిచోట్ల నాలుగడుగులేస్తే అయిపోయేంతే మిగిలింది.

సంక్రాంతి వెళ్లాక తెల్లారగట్ల ఆ ఇసకమీద చిన్న ట్రాక్టరు పోయినట్టు జాడ కనబడితే, రాత్రి ఆలివ్ రిడ్లీ తాబేలు వచ్చి వెళ్లిందన్నమాట. పోటు నీరు అందనంత ఎత్తుకి పాక్కుంటూ వచ్చి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి పోతుంది. తల్లిగా దాని పని అంతటితో సరి. ఆ తర్వాత 45 నుంచి 60 రోజులు ఇసకే వాటిని పొదుగుతుంది. పిల్ల ఆడో మగో తేల్చేదీ ఇసకే. లోపలి వేడి సుమారు 29 డిగ్రీల దగ్గర ఉంటే ఆడవి సగం, మగవి సగం. అది పెరిగేకొద్దీ ఆడవే ఎక్కువ. మొసళ్లలోనూ తేల్చేది వేడే, లెక్క మాత్రం వేరు.

మా జాలర్లు తాబేలుని చంపరు. ఉత్తరాన శ్రీకూర్మం గుడి ఉంది మరి. "ఆయన కూర్మావతారం గదా బాబూ, వల్లో పడితే దండమెట్టి ఒగ్గేస్తాం" అన్నాడు భీమిలి రేవులో ఒక ముసలాయన. చేత్తో లాగే వలైతే ఒగ్గెయ్యొచ్చు. గంటల తరబడి లాక్కుపోయే ట్రాలు వల్లో చిక్కింది మాత్రం ఊపిరి కోసం పైకి రాలేక అక్కడే చస్తుంది. శీతాకాలమంతా ఒడ్డుకి కొట్టుకొచ్చే కళేబరాల్లో చాలావాటి కథ ఇదే. మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా సాగుతుంది. అది చేపల గుడ్ల కాలం చూసి పెట్టింది. తాబేళ్లు గుడ్లు పెట్టడం అప్పటికి చాలావరకు అయిపోతుంది.

శీతాకాలపు నెలల్లోనే ఉల్లంకి పిట్టలు వెనక్కి పోయే అల వెంట పరిగెత్తి, ముందుకొచ్చే అలకి తప్పుకుంటూ, తడి ఇసకలో పురుగులేరుకుంటాయి. హిమాలయాల అవతలి సరస్సుల నుంచి వచ్చిన సీగల్ పక్షులకి చలికాలంలో తల తెల్లగా ఉంటుంది, చెవి దగ్గర ఒక్క మచ్చ తప్ప. మార్చి వచ్చేసరికి ఆ తల గోధుమరంగుకి తిరుగుతుంది. పెళ్లిబట్టలు ఇక్కడే కట్టుకుని అత్తారింటికి పోతాయి.

ఇవన్నీ సరే. నా మనసు మాత్రం బాలబంద తీగ మీద. దాన్ని చూడ్డానికి ఎవరూ రారు. ఆకు మధ్యలో చీలి మేక గిట్టలా ఉంటుంది. పువ్వు ఊదా కలిసిన గులాబీ రంగు. పొద్దున్నే విచ్చి, మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఏడాదంతా ఎక్కడో ఒకచోట పూస్తూనే ఉన్నా, వానలు పడ్డాక దాని వైభవం వేరు. అది కణుపు కణుపునా వేరు దింపుకుంటూ సముద్రం వైపు పాకుతుంది. గాలి మోసుకొచ్చిన ఇసక దాని ఆకుల్లో ఆగుతుంది. తీగ మునిగిపోతే మళ్లీ పైకి లేస్తుంది, మళ్లీ ఇసక ఆగుతుంది. అలా మేట లేస్తుంది. తాబేలు వెతుక్కుంటూ వచ్చే ఎత్తు, పోటు అందని ఆ ఎత్తు, ఇలా పుట్టిందే. పక్కనే రావణాసురుడి మీసాలు ఉంటాయి, ముట్టుకుంటే గుచ్చుకునే గడ్డి. అందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడదాని ముళ్లబంతి ఎండి ఊడొచ్చి, వేసవి గాలికి ఒడ్డంతా దొర్లుతూ గింజలు రాల్చుకుంటూ పోతుంది. నాలుగు ముళ్లబంతులు పందెం వేసుకున్నట్టు పోతుంటే చూడాలి! వానల్లో మొగలి పూస్తుంది, దాని సంగతి చెప్పక్కర్లేదు, వాసనే చెప్తుంది.

బీచ్ శుభ్రం చెయ్యాలని వచ్చే లోడరు సీసా పెంకుల్నీ ప్లాస్టిక్కునీ ఎత్తుతుంది, మంచిదే. వాటితో పాటు ఈ తీగనీ గీకేసి, మేటని చదును చేసేస్తుంది. దానికది పిచ్చిమొక్క. అటవీశాఖ వాళ్లు తాబేలు గుడ్లని కుక్కల బారిన పడకుండా కంచెలో పాతి, పిల్లల్ని కడలిలో వదిలే రోజున జనం వస్తారు, ఫొటోలు తీస్తారు. వద్దనను. కానీ ఆ పిల్లల్లో ఆడవి పెద్దవై గుడ్లు పెట్టడానికి వస్తే ఏ ఎత్తున పెట్టాలి? భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలూ ఒకప్పుడు ఇలా గాలి పోసిన ఇసకే. వేల ఏళ్లకి లోపలి ఇనుము ఆక్సైడుగా మారి ఎర్రబడింది. వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించి బోర్డు పెట్టుకున్నాం. ఈవేళ లేస్తున్న దిబ్బ ఇంకా తెల్లగా మోకాలెత్తే ఉంది కాబట్టి, దానికి బోర్డు లేదు.

తీగ మొండిది. తెగిన ముక్క తడి ఇసకలో పడితే వేరు దింపుతుంది, గింజ ఉప్పునీటి మీద తేలుతూ పోయి ఎక్కడో మొలుస్తుంది. రెండు వానాకాలాలు లోడరు ఇంటిదగ్గరే ఉండిపోతే చాలు, దాని పని అది చూసుకుంటుంది.