రాజోలు నవల, కువైటు తీర్పు

కుట్రను కథావస్తువుగా గైకొన్న నవలను గూర్చి పాఠకులు వేయు తొలిప్రశ్న ఎక్కడైనను ఒక్కటే: ఇది జరిగెడు పనియేనా? దానికి వచ్చు సమాధానము మాత్రము నవలలోని పుటలకంటె, చదువరి ఏ నేలపై నిలిచి చదువుచున్నాడను దానిపైననే ఎక్కువగా ఆధారపడునని, ఒకే నవలపై కోనసీమలోను, పిదప కువైటులోను సాగిన వాదప్రతివాదములను విన్న మీదట నాకు తోచినది.

ఆ నవల యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘అభిలాష’. గ్రంథకర్త 1948లో మా రాజోలులో జన్మించినవారగుటచే, మావారికి ఆయనపై అభిమానమెంతయో, తప్పుపట్టు అధికారమును అంతయే. నిరపరాధియైన తండ్రి ఉరికంబమెక్కగా, మరణశిక్షను రద్దు చేయింపవలెనని దీక్ష పూనిన చిరంజీవి యను యువన్యాయవాది, సర్వోత్తమరావను పేరుమోసిన వకీలుతో కూడి, తాను చేయని హత్యకు తానే సాక్ష్యములు కల్పించుకొని, శిక్ష పడిన పిదప నిజము బయటపెట్టి, న్యాయస్థానము నిర్దోషిని సైతము చంపగలదని లోకమునకు చూపదలచును; పథకము తలక్రిందులై నాటకపు ఉరి నిజమైన ఉరిగా బిగియును. 1983లో ఇది కోదండరామిరెడ్డి దర్శకత్వమున చలనచిత్రమై ఊరూర మారుమ్రోగినది. అంతకు కొలదికాలము ముందే, 1980లో, బచన్ సింగ్ కేసున సుప్రీంకోర్టు ధర్మాసనములోని ఐదుగురిలో జస్టిస్ భగవతి ఒక్కరే విభేదింపగా, తక్కిన నలుగురును మరణశిక్ష రాజ్యాంగబద్ధమేయనియు, అయితే అత్యంత అరుదైన కేసులకే దానిని పరిమితము చేయవలెననియు తీర్పు చెప్పియుండిరి. కావున నవల లేవనెత్తిన సందేహము కల్పన కాదు, ఆనాటి వార్త.

మా ఊరి అద్దెపుస్తకముల కొట్టులోని ప్రతి, అట్ట ఊడి, గోనెదారముతో కుట్టబడి, పుటల అంచులయందు పెన్సిలు వ్రాతలతో నిండియుండెడిది. పథకము పన్నిన ఘట్టముకడ ఒకరు "బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా" అని వ్రాయగా, దాని క్రిందనే వేరొక చేతివ్రాత "మరి గాంధీగారు జైలుకెళ్ళలేదా" అని యడిగెను. ఆపైన మూడవవారు, ఇద్దరికిని సమాధానముగా, "కాస్త కథ చదవనివ్వండి బాబూ" అని వేడుకొనిరి. ఆ అంచులను మించిన విమర్శవేదిక మాకు లేదు.

అమలాపురము కోర్టులో వకీలు గుమాస్తాగా పనిచేసిన మా పెదనాన్నగారికి కథాసంవిధానము ససేమిరా రుచింపలేదు. "సెషన్సు జడ్జీ ఉరేసేస్తే అయిపోద్దేంట్రా అబ్బాయ్? హైకోర్టు ఖాయం చెయ్యాలి, ఆపైన రాష్ట్రపతిగారికి అర్జీ పెట్టుకోవాలి. ఈలోగా నిజం బయటపడకుండా ఉంటదా?" అని ఆయన వాదము. రాజకీయనవల యనగా ముంగండలో పుట్టిన మహీధర రామమోహనరావుగారి ‘కొల్లాయిగట్టితేనేమి?’ యనియే నమ్మిన మరియొక పెద్దమనిషికి, సమాజమంతయు కదలవలసిన పనిని ఇద్దరు వకీళ్ళు గదిలో కూర్చుండి చక్కబెట్టుట బాలచేష్టగా కనిపించెను. ఫ్రిట్జ్ లాంగ్ 1956లో తీసిన ఆంగ్లచిత్రమున ఇట్టి పథకమే కలదని సినిమాలెరిగినవారు చెప్పుచుండిరి. నిజమే, కాని అందలి నాయకుడు తుదకు నిజమైన హంతకుడేయని తేలుటచే మరణశిక్షపై వాదము కూలిపోవును, మన నాయకుడు నిర్దోషిగనే మిగులుటచే ఆ వాదము చదువరి నెత్తిన నిలిచియుండును. ఈ భేదమును గుర్తించినవారు మాలో అరుదు.

కువైటునకు వచ్చిన పిమ్మట, ఫర్వానియాలోని ఇరుకు గదులలో శుక్రవారపు మధ్యాహ్నములందు, రాజోలు, కొత్తపేట, అమలాపురము ప్రాంతములవారు కూడినప్పుడు అదే నవల ప్రస్తావనకు వచ్చెను. ఇచ్చట ఉరి పుస్తకములోని మాట కాదు; 2022 నవంబరులో ఒక్కనాడే ఏడుగురిని ఉరితీసిన దేశమిది. గల్ఫు దేశములు కొన్నింట హతుని వారసులు ‘దియా’ అను ధనము పుచ్చుకొని క్షమించినచో హంతకునకు ప్రాణము దక్కునని ఒకరు చెప్పగా, క్షమించు అధికారము రాష్ట్రపతిదా, కన్నతల్లిదా యని చాలసేపు చర్చ నడచెను. కాని కుట్ర సాధ్యాసాధ్యములను గూర్చి ఒక్కరును ప్రశ్నింపలేదు. పాసుపోర్టు కఫీలు, అనగా పూచీ పడిన యజమాని, బీరువాలో నుండగా, జీతమడిగి పని మానిన నాడే తమపై పరారీ ఫిర్యాదు పడగలదని ఎరిగినవారికి, చేయని తప్పునకు బోనెక్కుట అసంభవముగా ఎట్లు తోచును?

ఇండ్లలో పనిచేయుచు ఏండ్లు గడపిన మలికిపురము వైపు ఆమె ఒకరు, అంతయు విని, తాపీగా ననిరి: "ఆయ్, ఆ లాయరుగారికి తన బాసలో మొత్తుకునే అదుర్ష్టమన్నా ఉందండి. మేం ఏలిముద్రేసిన కాయితంలో ఏం రాసుందో మాకే తెలీదు."

ఆ మాటతో పెదనాన్నగారి ఆక్షేపణయు, దానిని కాదన్నవారి సమర్థనయు రెండును నాకు చిన్నవైపోయినవి. చార్టర్డ్ ఎకౌంటెంటుగా పనిచేసిన రచయిత జమాఖర్చులు సరితూగునట్లు అల్లిన ఆ పథకము, చట్టమెరిగి, భాష గలిగి, తోడు వకీలుండి, తనంత తాను చిక్కుకొన్న విద్యావంతుని కథ. అందుచేతనే మనము ఉత్కంఠతో చదివితిమి. ఉత్కంఠ యనునది తప్పించుకొను మార్గము గలవానికే చెల్లును. ఎవ్వరును పన్నాగము పన్నకయే, తెలియని లిపిలోని ఒక్క కాగితముచే చిక్కుకొనువాని కథలో మలుపులుండవు, కావున దానిని అద్దెకు తెచ్చుకొని చదువువారును ఉండకపోవచ్చును. అయినను ‘అభిలాష’ అడిగిన ప్రశ్నకు అసలైన సాక్షి వాడే. వానిని బోనెక్కించు నవలను రాజోలువారే వ్రాయవలెనని నా కోరిక.