సన్నాయి మేళం వస్తోందట

'శివరాత్రికి కాళాస్త్రికి ఒంగోలు మేళం వస్తోందట భయ్యా, మనవాళ్ళే' అని తమ్ముడు ఫోన్ చేశాడు. 2025 ఫిబ్రవరి. ఆ 'మనవాళ్ళే' దగ్గర నేను ఆగిపోయాను. మా ఇంట్లో ఆ మాట వాళ్ళ దాకా పోవడానికి ముప్పయ్యేళ్ళు పట్టింది.

మాది ఏర్పేడు. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. బస్సెక్కితే అరగంటలో శ్రీకాళహస్తి. రెండు ఈదులు ఎంతో, కాళాస్త్రి తిర్నాళ్ళు మాకు అంతే. అబ్బా అక్కడ గాజుల అంగడి పెట్టేవాడు. ఆ నాలుగు రోజుల బేరం మీదే మా కొత్తబట్టలు. నేను అంగట్లో కూచుని ఊరేగింపు ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. దేవుడి కోసం కాదు, ముందు నడిచే సన్నాయి కోసం. దూరంగా డోలు వినపడితే చాలు, గాజుల లెక్క తప్పేది.

ఒకరోజు పొద్దున రేడియోలో సన్నాయి అయిపోయాక షేక్ చినమౌలానా అని పేరు చెప్పారు. షేక్! నేను ఎగిరి గంతేసి 'అబ్బా, మనవాళ్ళే!' అన్నాను. అబ్బా తలెత్తలేదు. 'హమారే నహీఁ. దూదేకులోళ్ళు. ఉర్దూ రాదు, గుళ్ళ ముందర ఊదుకుంటారు' అన్నాడు. బళ్ళో చెబితే పిల్లలు నవ్వారు. 'తురకోళ్ళకి సన్నాయేందిరా?' అన్నారు. ఇంట్లో వాళ్ళు తురకలు కారు, బళ్ళో తురకలకు సన్నాయి లేదు. గుడి ముందర గాజులమ్మే మాకూ, గుడి ముందర ఊదే వాళ్ళకూ తేడా ఏమిటని అడిగే ధైర్యం నాకు అప్పుడు లేదు. పెద్దయ్యాక కూడా చాలాకాలం లేదు. అది ఒప్పుకోవాలి.

ఆయనది ఒంగోలు దగ్గర కరవది. 1924లో పుట్టాడు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, అది చాలక నాచియార్‌కోయిల్ వెళ్ళి తంజావూరు బాణీ పట్టాడు. శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధిని చేసింది. నేనప్పుడు తిరుపతిలో బి.ఎ. చదువుతున్నాను. శ్రీరంగం పోయి ఎదురుగా కూచుని వినాలని ఎంత ఆశో! పరీక్షలయ్యాక అనుకున్నాను. 1999 ఏప్రిల్‌లో ఆయన పోయాడు.

2020లో ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ వార్త నేనే రాశాను. ఒక ముస్లిం స్త్రీ సన్నాయి పట్టిందని రాస్తూంటే చేతులు వణికాయి. అబ్బాకి చదివి వినిపించాను. 'ఔరత్ భీ?' అన్నాడు. అంతే.

అందుకే ఈసారి సెలవు పెట్టాను. ఫిబ్రవరి 26న శివరాత్రి, మార్చి 2న రోజాలు మొదలు. ఆఫీసులో 'పండక్కా?' అంటే ఔనన్నాను. ఏ పండగో చెప్పలేదు. రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు. వీళ్ళు ఏ రాగం ఎత్తుకుంటారు? తోడి వాయిస్తారా? ఊరేగింపులో తోడికి నిలబడే తీరిక ఎవరికుంటుంది? ఇలాంటి పిచ్చి ఆలోచనలే.

అబ్బాని రమ్మన్నాను. ఇప్పుడు ఎనభై దాటాయి. మోకాళ్ళన్నాడు, సహరీకి సామాను తేవాలన్నాడు. సాయంత్రం చూస్తే టోపీ పెట్టుకుని, కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. 'అంగడి జాగా చూసి శానా రోజులైంది' అన్నాడు.

మాడవీధిలో ఒక మూసిన షాపు మెట్ల మీద కూచున్నాం. జనం, కొబ్బరికాయలు, మైకులు. పక్కనే మేళంవాళ్ళు. ఒకాయన డోలు వార్లు బిగిస్తున్నాడు. నడివయసాయన సన్నాయి పీకని నోట్లో పెట్టి తడుపుతున్నాడు. అబ్బా ఆయన్నే చూస్తూ, కాస్సేపాగి, 'కౌన్సా గావ్ మియా?' అన్నాడు.

ఆయన పీక తీసి, కొంచెం ఇబ్బందిగా, 'ఉర్దూ రాదు సాయిబుగారూ. ఒంగోలు దగ్గరండీ' అన్నాడు.

నా గుండె ఆగింది. అబ్బా కర్ర పక్కన పెట్టి జరిగి చోటిచ్చాడు.

'అట్నే కూచోండి నాయనా. ఊరేగింపుకి ఇంకా టయిముంది. టీ తాగుతారా?' అన్నాడు తెలుగులో.