పొగబండి ఊరిలో పొగ

బిలాసపురపు రైల్వే కాలనీలో తెలుగు వినబడడం వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి కొలువు వెదకుకొంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడినవి. శ్రీకాకుళం వైపునుండి వచ్చినవారితో చుట్ట కూడ బండి ఎక్కింది. నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి పీల్చే అడ్డపొగను ముసలమ్మలు మానలేదు. అది అంగిలిలో పుండై, పుట్టకురుపై పరిణమించవచ్చునని వైద్యులు చెప్పినా సరే. మనుమల నాటికి చుట్ట పోయి బీడీ వచ్చింది. ఛత్తీస్‌గఢ్ అడవులు తునికాకుకు పుట్టినిల్లు కదా!

బుధవారీ బజారు దగ్గర నివసించే ఒక విశ్రాంత గార్డుగారు బీడీని మూడుసార్లు మానినారు. మొదట సోంపు, పిమ్మట లవంగం. మూడవమారు, 2018లో, కుమారుడు విదేశంనుండి ఈ-సిగరెట్టు తెచ్చి యిచ్చినాడు. దానిలో నిప్పు లేదు, బూడిద లేదు. బ్యాటరీ వేడికి ద్రవం ఆవిరి అవుతుంది, నికోటిన్ మాత్రం నిక్షేపంగా లోపలికి పోతుంది. 2003లో దానికి నేటి రూపం కల్పించిన చీనా ఔషధశాస్త్రజ్ఞుడు హాన్ లిక్ సైతం సిగరెట్టును పూర్తిగా విడువలేదు. 2019లో మన ప్రభుత్వం దాని తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. ద్రవం అయిపోయింది. మరల బీడీకట్ట.

ఇది నాలుగవ ప్రయత్నం. వైద్యుడు చెప్పిన నికోటిన్ గమ్ నములుతున్నారు. "బ్రేకు వేసినచోటనే బండి ఆగదమ్మా" అని కోడలితో అంటూ ఉంటారు. ఆమెకు మామగారి గురించి బెంగ తగ్గింది. బీరువాలోని ఆ పాత పరికరం కొన్నాళ్లుగా కనబడడం లేదు. పదిహేడేండ్ల కుమారుని చొక్కా ఉతకబోతే మామిడిపండు వాసన వేసింది. అది మామిళ్ల కాలం కాదు.