తాత తుపాకీకి నల్లకోటు

కౌబాయ్‌ల కాలంనాటి లీవర్ రైఫిల్‌కి ఇప్పుడు సైనికుల తుపాకీ సోకులన్నీ తొడుగుతున్నారు. అవి దానికి నప్పుతాయా? అమెరికాలో వేటగాళ్లను రెండు జట్లుగా చీల్చిన ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి వయోమింగ్ కొండల మధ్య ఉన్న కోడీని మించిన ఊరు లేదు.

2014 నవంబరు. నెవాడాలోని గ్రేట్ బేసిన్ జాతీయ పార్కులో సిబ్బందికి ఓ తుపాకీ కనిపించింది, జూనిపర్ చెట్టుకు ఆనించి! పిడి ఎండకు వెలిసి చెట్టు మానులో కలిసిపోయింది. గొట్టమంతా తుప్పు. పిడి అడుగు మట్టిలో కూరుకుపోయింది. అది 1882లో తయారైన వించెస్టర్ 1873 రైఫిల్ అని తేలింది. అక్కడ పెట్టినవాడెవరో, ఎందుకు తిరిగి రాలేదో మాత్రం తెలియలేదు.

దాన్ని కాపాడే పని కోడీలోని తుపాకుల మ్యూజియానికి అప్పగించారు. వాళ్లు ఆ ఊరి ఆసుపత్రిలో దానికి ఎక్స్‌రే కూడా తీయించారు. పిడి లోపల దాచిన తూటా ఒకటి బయటపడింది. అంతా అయ్యాక తుపాకీకి మెరుగుపెట్టి కొత్తగా చేశారా అంటే... లేదు. తుప్పును, పగుళ్లను అలాగే ఉంచి, ఇంకా పాడవకుండా చేసి వెనక్కి పంపారు.

బఫెలో బిల్ ఊరు

ఎల్లోస్టోన్ పార్కు తూర్పు ద్వారానికి 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, షొషోనీ నది ఒడ్డున ఉంటుంది కోడీ. జనాభా పదివేలు. 1896లో ఈ ఊరికి పునాది వేసింది 'బఫెలో బిల్'గా పేరుపడ్డ విలియం కోడీ. కౌబాయ్‌ల జీవితాన్ని తమాషా ప్రదర్శనగా మార్చి దేశదేశాలూ తిప్పినవాడు. 1902లో కూతురి పేరిట ఆయన తెరిచిన ఇర్మా హోటల్ ఇప్పటికీ ఊరి నడిబొడ్డున ఉంది. వేసవిలో రోజూ రాత్రి రోడియో పోటీలు జరుగుతాయి.

కౌబాయ్ అంటే మనకు 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ గుర్తొస్తారు. ఆ గుర్రం, ఆ టోపీ పుట్టిన నేల ఇదే. బఫెలో బిల్ పేరుమీద ఇక్కడున్న కేంద్రంలో ఒకే కప్పు కింద అయిదు మ్యూజియాలున్నాయి. వాటిలో ఒకటి తుపాకులది. కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో వించెస్టర్ కంపెనీ పోగేసిన తుపాకులు 1970ల్లో ఇక్కడికి చేరాయి. 2019లో మ్యూజియాన్ని కొత్తగా తీర్చిదిద్దారు.

ఒక్క లాగు... ఇంకో తూటా

ఈ రైఫిల్ కిటుకంతా ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప వంకీలోనే ఉంది. అదే లీవర్. కిందికి లాగితే కాల్చిన తూటా గుల్ల బయటికి ఎగిరిపోతుంది. పైకి నొక్కితే కొత్త తూటా గొట్టంలోకి వెళ్తుంది. తూటాలన్నీ గొట్టం కింద ఉన్న ఇంకో సన్నగొట్టంలో ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉంటాయి. అందుకే వాటి ముక్కు చదునుగా ఉండాలి. మొన తేలి ఉంటే ముందున్న తూటా అడుగును పొడిచి పేల్చే ప్రమాదం ఉంది మరి!

పక్కకు పొడుచుకొచ్చే పెట్టె లేదు కాబట్టి తుపాకీ సన్నగా ఉంటుంది. గుర్రం జీనుకు వేలాడే తోలు ఒరలోకి సులువుగా జారుతుంది. మధ్యలో ఒంటిచేత్తో పట్టుకుని ఎంత దూరమైనా నడవొచ్చు. అదే దాని అందం.

అల్లుడి వేషం

ఇప్పుడు దుకాణాల్లో వస్తున్నవి వేరు. చెక్క స్థానంలో నల్ల ప్లాస్టిక్. పైన దుర్భిణి బిగించుకునేందుకు పళ్ల పట్టీ. ముందు లైటు తగిలించుకునేందుకు గాట్లు. గొట్టం కొసన చప్పుడు తగ్గించే సప్రెసర్ కోసం మరలు. హెన్రీ కంపెనీ 2020లో 'ఎక్స్ మోడల్' పేరుతో ఇలాంటివి తెచ్చింది. 2024లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చినదాని పేరు '1854'. ఆ ఇద్దరూ లీవర్ పిస్టల్‌కి పేటెంటు పొందిన ఏడాది అది. పేరు తాతది, వేషం కొత్త అల్లుడిది!

'ముసలి కళ్లకు దుర్భిణి కావాలి. ఎలుగుబంట్లు తిరిగే చోట చీకట్లో లైటు కావాలి' అన్నది ఒక జట్టు వాదన. కొన్ని రాష్ట్రాల్లో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లపై ఆంక్షలున్నాయి. అవి లేని లీవర్ రైఫిల్‌నే కొందరు ఇలా ముస్తాబు చేసుకుంటున్నారు. 'బరువు తగిలించాక ఇక దాని సన్నదనం ఏది? ఒరలో పట్టేదెలా? వేట పనిముట్టుకు యుద్ధం వేషమెందుకు?' అన్నది రెండో జట్టు వాదన. తుపాకీ కాల్పులతో ఏటా వేలమంది చనిపోయే దేశంలో ఈ చివరి ప్రశ్నను కొట్టిపారేయలేం.

అద్దాల వెనక సాక్ష్యం

కానీ పాతది అచ్చంగా పాతదేనా? 1860లో వచ్చిన హెన్రీ రైఫిల్‌లో ఏకంగా 16 తూటాలు పట్టేవి. ఒక్కో తూటా నింపి కాల్చుకునే రోజుల్లో అది అత్యాధునికం! యుద్ధానికి దూరంగానూ లేదు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ పోరులో కస్టర్ సైనికుల చేతుల్లో ఒక్క తూటా కార్బైన్లుంటే, వాళ్లను ఓడించిన లకోటా, షయాన్ యోధుల్లో కొందరు లీవర్ రైఫిళ్లు పట్టారు.

సోకులూ కొత్త కాదు. స్థానిక తెగలవాళ్లు పిడికి ఇత్తడి మేకులు కొట్టి ముగ్గుల్లా తీర్చుకునేవారు. డబ్బున్నవాళ్లు కంపెనీచేతే బంగారుపూత, నగిషీలు చేయించుకునేవారు. సంప్రదాయమని చాలామంది మురిసిపోయే పెద్ద వంకీ లీవర్ సంగతి చూడండి. దానికి పేరొచ్చింది 1939 నాటి 'స్టేజ్‌కోచ్' సినిమాలో జాన్ వేన్ తుపాకీని గిర్రున తిప్పినందుకు!

కాబట్టి కొత్త తొడుగు తప్పేం కాదు. ఆ తొడుగు దేనికన్నదే ప్రశ్న. చూపు ఆనని పెద్దాయనకు చిన్న దుర్భిణి పెడితే అది పాత తుపాకీ పనినే కొనసాగిస్తుంది. కాబట్టి అది నప్పుతుంది. ఖాళీ ఉన్నచోటల్లా ఏదో ఒకటి బిగించి చేతిలో మోయలేనంత చేస్తే, లీవర్ మిగులుతుంది కానీ లీవర్ రైఫిల్ మిగలదు.

ఇర్మా హోటల్‌కి కొత్త బల్బులొచ్చాయి, గోడలు మాత్రం అవే. చెట్టు కింద దొరికిన రైఫిల్ ఇప్పుడు గ్రేట్ బేసిన్ పార్కులో అద్దం వెనక ఉంది. దానిమీద ఏ సోకూ లేదు. 1882లో దాని ధర పాతిక డాలర్లు. గుర్రమ్మీద, నడకలో దాన్ని మోసినవాడికి అది తేలిగ్గా ఉంటే చాలు.