కోసేద్దామా, వద్దా

గరాజ్‌లో రెండు స్టూళ్ల మీద బోర్డుని బోర్లా పడుకోబెట్టి మూడు వారాలైంది. దాని మీద 7 అడుగుల 4 అంగుళాల అట్ట నమూనా పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీత కూడా గీశాను. ఇక రంపం తేవడమే మిగిలింది. రోజూ ఆఫీసు నుంచి రాగానే లైటు వేసి ఆ గీతని చూస్తాను. ఆర్పేసి లోపలికి పోతాను.

బోర్డు అసలు పొడవు 9 అడుగుల 6 అంగుళాలు. మందం మూడంగుళాల పైనే. నేను 52 కిలోలు. శాంటాక్రూజ్‌లో మేం అద్దెకున్న ఇంటి వెనక వీధిలో ఉండే ముసలాయన తన ఒంటికి తగ్గట్టు, తన చేత్తో చెక్కుకున్న సర్ఫ్‌బోర్డు ఇది. మోకాళ్లు పనికిరాకుండా పోయాక నాకిచ్చేశాడు. మొదటిరోజు దాన్ని చంకలో ఇరికించుకుందామంటే నా చెయ్యి అవతలి అంచుదాకా అందలేదు. తువ్వాలు చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని బయల్దేరాను. మా అమ్మ ఇరవయ్యేళ్లు చేపల గంప మోసిన పద్ధతే అది. ముసలాయన అది చూసి, బోర్డు మొయ్యడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. వైజాగ్‌లో అన్నాను. అక్కడ కూడా సర్ఫింగ్ ఉందా అని ఆశ్చర్యపోయాడు. ఋషికొండలో ఇప్పుడుంది, నిజమే. కానీ నేను చెప్పింది దాని గురించి కాదు.

మాది పెద్ద జాలరిపేట. సముద్రానికి రెండొందల అడుగుల దూరంలో పెరిగాను గానీ మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. మా ఇంట్లో ఆడపిల్లలు తెప్ప ఎక్కరు. వలకి కన్నం పడితే కుడతాం, చేపలు ఎండబెడతాం, అమ్ముతాం. అలలు విరిగే చోటు దాటి వెనక్కి తిరిగి ఒడ్డుని చూడటమంటే ఏంటో నాకు ముప్ఫై ఒకటో ఏట, కవెల్స్ బీచ్‌లో, ఈ బోర్డు మీదే తెలిసింది.

ఇప్పుడు దీనికొచ్చిన జబ్బేంటంటే, పైభాగం ఊడిపోతోంది. సర్ఫ్‌బోర్డు లోపలంతా గట్టి నురగ. మధ్యలో నిలువునా సన్నటి చెక్క పట్టీ. పైన రెజిన్‌లో తడిపి అంటించిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ. ఏళ్ల తరబడి ఒకే చోట పాదాలు నొక్కి నొక్కి కింద నురగ నలిగిపోతుంది. ఎండకి లోపలి గాలి వేడెక్కుతుంది. గుడ్డ నురగని వదిలేసి అప్పడంలా పొంగుతుంది. నా బోర్డు మీద అలాంటి అప్పడాలు రెండున్నాయి. వేలితో నొక్కితే లోపలికి దిగుతున్నాయి.

రిపేరు షాపులో అబ్బాయి తేలిగ్గా చెప్పేశాడు: మొత్తం గుడ్డ వలిచెయ్, నురగని నీ సైజుకి చెక్కించు, మళ్లీ గ్లాసింగ్ చేయించు, పాత బోర్డులోంచి కొత్త బోర్డొస్తుంది. వినడానికి ఎంత బాగుందో! ఆ రాత్రే అట్ట కత్తిరించాను.

తర్వాత చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఉత్సాహం కరిగిపోయింది. ఈ పాలీయూరితేన్ నురగ రొట్టెలాంటిది. మూసిన అచ్చులో పొంగుతుంది కాబట్టి పైపొర గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. మంచి షేపర్ ఆ పైపొరని వీలైనంత మిగిల్చి చెక్కుతాడు. గుడ్డ వలిచేటప్పుడు దాంతోపాటు కొంత పొర ఊడొస్తుంది. మూడంగుళాల మందాన్ని రెండున్నరకి దించాలంటే ఇంకొంత పోతుంది. చివరికి మిగిలే మెత్తటి గుజ్జు మీద ఎంత మంచి గుడ్డ వేసినా నా మడమలు మళ్లీ దిగబడతాయి.

ఇంకో చిక్కు వంపుతో. బోర్డుని పక్కనుంచి చూస్తే ముందు కొస, వెనక కొస కొంచెం పైకి లేచి ఉంటాయి. దాన్ని రాకర్ అంటారు. ముక్కు అలలోకి గుచ్చుకోకుండా కాపాడేది ఆ వంపే. లాంగ్‌బోర్డుకి వంపంతా కొసల్లోనే ఉంటుంది, నడుమంతా చదునే. నేను కోసి పారేద్దామనుకుంటున్నవి ఆ కొసలే! మిగిలేది పీట. లేని వంపుని తర్వాత చెక్కి తెద్దామంటే, దానికీ మందమే ఖర్చుపెట్టాలి.

పోనీ డబ్బన్నా కలిసొస్తుందా అంటే అదీ లేదు. కొత్త బోర్డు ఖరీదులో నురగ దిమ్మది చిన్న వాటా. ఎక్కువ పోయేది చెక్కడానికి, గ్లాసింగ్‌కి, సాండింగ్‌కి. పాతదాంట్లోంచి చేసినా ఆ మూడింటికీ కట్టాల్సిందే, వలిచే కూలి అదనం.

అయితే ఈ దిమ్మ మామూలుది కాదు, క్లార్క్ ఫోమ్. అమెరికాలో సర్ఫ్‌బోర్డు దిమ్మల్లో ఎక్కువ భాగం ఒకప్పుడు ఆ ఒక్క ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి. 2005 డిసెంబర్ 5న, సోమవారం, యజమాని గోర్డన్ క్లార్క్ ఒక ఫ్యాక్స్ పంపి దాన్ని మూసేశాడు. అచ్చులు కూడా పగలగొట్టించేశాడు. షేపర్లు దిమ్మల కోసం పరుగులు తీశారు. ముసలాయన గరాజ్‌లో అప్పటికే ఒకటుంది. అమ్మితే మంచి ధరే వచ్చేదట. అమ్మకుండా ఆ చలికాలమే చెక్కేశాడు. అడుగున, తోకకి జానెడు ఇవతల, చెక్క పట్టీ మీద పెన్సిల్‌తో కొలతలు రాసి, దాని కింద చిన్న అక్షరాల్లో భార్య పేరు రాశాడు. ఆవిడ పోయింది ఆ ఏడాదే. ఆ రాత మీద రెజిన్ ఉంది కాబట్టి ఇప్పటికీ నిన్న రాసినట్టే ఉంది. నా గీతకి బయట పడింది.

ఆయన ఇప్పుడు ఒరెగాన్‌లో కూతురి దగ్గరున్నాడు. నంబరుంది. బోర్డు ఇచ్చేటప్పుడే, ఇదేం మ్యూజియం కాదు, నీకెలా కావాలంటే అలా కోసుకో అన్నాడు. ఫోన్ చేస్తే మళ్లీ అదే అంటాడు. అందుకే చెయ్యట్లేదు.

చేసింది మా మావయ్యకి. ఆయన పేటలో ఫైబర్ తెప్పలకి మరమ్మతులు చేస్తాడు. అదే గుడ్డ, అదే రెజిన్, ముక్కు మండించే అదే వాసన. ఆ షాపులో అడుగుపెట్టిన రోజు ఒక్క క్షణం నేనెక్కడున్నానో తెలీలేదు.

"ఫోను దగ్గరెట్టి ఏలితో కొట్టే" అన్నాడు.

కొట్టాను.

"డొల్ల. ఇంకొంచెం కిందకి. ఆఁ, అక్కడ బాగుంది. తిరగెయ్. అడుగు కొట్టు."

అడుగంతా ఒకటే మోత, టక్‌టక్‌మని.

"అడుగు బాగున్నాది గదేటే. దాన్నెందుకు కోత్తావు?"

"నాకు పెద్దది మావయ్యా."

"పెద్దదైతే ఇంకోటి సేసుకో. మగోడి సొక్కా కోసి జాకెట్టు కుడతానంటే కుట్టొచ్చు, సంకలో పట్టేత్తాది."

తాతగారి తెప్ప గుర్తుందా అని అడిగాను. దుంగల్ని తాళ్లతో కట్టే పాత చెక్క తెప్ప. వేట నుంచి రాగానే విప్పి, దుంగల్ని ఇసకలో ఆరబెట్టేవారు. పుచ్చిన దుంగ తీసి కొత్తది కలిపేవారు. దాన్ని దాచుంటే బాగుండేది కదా అన్నాను. మావయ్య నవ్వాడు. "దాసేదేటి? ఆకరి దుంగ నా పెళ్లి పొయ్యిలో కాలింది. కూర బాగా ఉడికింది." నాకు మనసులో కాస్త అండ దొరుకుతుందనుకున్నాను, దొరకలేదు. ఆయన కొయ్యొద్దన్నది జ్ఞాపకం కోసం కాదు. బాగున్న అడుగుని పాడుచెయ్యడం ఆయన చేతికి రాదు, అంతే.

శనివారం పొద్దున స్పిరిట్ గుడ్డతో పెన్సిల్ గీత తుడిచేశాను. బోర్డు తిరగేసి, పై గుడ్డని అంచుల వెంట కత్తితో కోసి, పటకారుతో పట్టి లాగాను. కొంతదూరం శుభ్రంగా వచ్చింది. నా పాదాలు ఆనే చోట మాత్రం నురగ ముక్కలు ముక్కలుగా లేచొచ్చింది. అక్కడ పసుపుపచ్చగా, చెమ్మగా ఉంది. వారం ఆరబెట్టి, గుంటల్లో రెజిన్ పిండి కూరి, రెండు పొరల గుడ్డ పరిచాను. ఎండ తగిలితే గట్టిపడే రెజిన్ వాడానంటే మావయ్య నమ్మలేదు. "హార్డ్‌నర్ లేకుండానా? ఈడియో పెట్టు" అన్నాడు. పెట్టాను. పక్కన బుడగ ఒకటి ఉండిపోయిందని కనిపెట్టేశాడు.

ఇంకా సాండింగ్ ఉంది. బోర్డు మునుపటికన్నా ముప్పావు కిలో బరువు పెరిగింది. అట్ట నమూనా గోడకి ఆనించే ఉంది. దానికి సరిపడే కొత్త దిమ్మ ఎంతో కనుక్కున్నాను. బోనస్ వచ్చాక చూడాలి. ఈలోపు తువ్వాలు మందంగా చుట్టుకోవాలి.