మా ఇల్లు ఎక్కడికెళ్లింది?

ఉప్పల్‌లో మా తాత కట్టించిన ఇల్లు ఈ వేసవిలో కూల్చేశాం. నాలుగు గదులు, షాబాద్ బండలు, వాకిట్లో జామచెట్టు. జేసీబీకి అదంతా ఒక్క పూట పని. తలుపులు, కిటికీలు ముందే అమ్మేశాం. బండలు తీయించే ఓపిక లేక వదిలేశాం. "రేపు పొద్దుగాల్ల వరకు జాగ ఖాళీ చేపిస్త" అన్నాడు కాంట్రాక్టర్. ఆ కుప్పంతా ఎక్కడ పోస్తావని మేమెవరం అడగలేదు. మీరైతే అడిగేవారా?

వారం తర్వాత బండి మీద చెరువు వైపు వెళ్లాను. చిన్నప్పుడు తాత సైకిల్ మీద తీసుకెళ్లిన చెరువే. ఒడ్డున కొత్త కుప్పలో పచ్చరంగు గోడ పెళ్ల ఒకటి కనిపించింది. దాని మీద పెన్సిల్ గీతలు. వంటింటి గోడ మీద నానమ్మ రాసుకున్న పాల లెక్క! కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చెరువుని పూడుస్తున్నది ఎవరో కాదు, మేమే.

ఆ పెళ్ల బ్యాగులో వేసుకుని ఇంటికొచ్చా. మర్నాడు నాగోలు దాటి ఫతుల్లాగూడ వెళ్లాను. నిర్మాణ వ్యర్థాలను మళ్లీ వాడుకునేలా మార్చే ప్లాంట్ అక్కడ ఉంది. రోజుకి 500 టన్నుల సామర్థ్యం. జీడిమెట్లలో ఇలాంటిదే 2020లో మొదలైంది. అడిగితే లోపలికి రానిచ్చారు. దుమ్ము, చెవులు మూసుకుపోయేంత మోత. లారీ తూకమయ్యాక చెక్క, ప్లాస్టిక్ ఏరేస్తారు. ఇనుముని అయస్కాంతం లాగేస్తుంది. మిగిలింది పిండి చేసి, జల్లించి, కడిగితే కంకర, ఇసుక వస్తాయి. వాటితోనే ఫుట్‌పాత్ బ్లాకులు చేస్తారు. అన్నీ కలిపేసి తెస్తేనే తంటా. అందుకే 2016 కేంద్ర నిబంధనలు రోజుకి 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకి 300 టన్నులు దాటి వ్యర్థాలు వచ్చేవాళ్లు కాంక్రీటు, మట్టి, ఇనుము-చెక్క-ప్లాస్టిక్, ఇటుక-మాలు అని నాలుగు కుప్పలుగా విడగొట్టాలన్నాయి. మాలాంటి చిన్న ఇళ్లవాళ్లు కూడా రోడ్డు మీదో, చెరువులోనో పోయకూడదు.

కొత్త ఇంటి మేస్త్రీకి ఇదంతా చెప్పా. ఆయన నవ్వాడు. "కూల్చినప్పుడే కాదన్నా, కట్టేటప్పుడు కూడా చెత్త అయితది" అన్నాడు. పక్క సైటుకి తీసుకెళ్లి చూపించాడు. వానకి తడిసి రాయైపోయిన సిమెంటు బస్తాలు. టిప్పర్ నుంచి ఒక్కసారిగా గుమ్మరించడంతో విరిగిన ఇటుకలు. భోజనాల ముందు ఎక్కువ కలిపి, గట్టిపడ్డాక పారేసిన మాలు. ప్లాస్టరింగ్ అయ్యాక కరెంటు పైపుల కోసం చెక్కిన గోడలు. ఓనర్ మనసు మార్చుకున్నందుకు పడగొట్టిన బాత్రూం గోడ.

ఆ రాత్రి మా ప్లాన్ ముందేసుకుని కూర్చున్నాం. పడగ్గది వెడల్పు పదిన్నర అడుగులు. టైలేమో రెండడుగులది. ఐదు పరిచాక అరడుగు మిగులుతుంది. ఆ అరడుగు కోసం ప్రతి వరసకీ కొత్త టైల్ కోస్తే, తక్కిన ముక్కలు మూలకే. గదిని పది అడుగులు చేశాం. స్విచ్చులు ఎక్కడుండాలో అమ్మతో ఇప్పుడే తేల్చేశాం. 12 మీటర్ల ఇనుప కడ్డీల్లో ఏది ఎంత కోయాలో మేస్త్రీ ముందే రాసుకున్నాడు. సిమెంటు వారానికి సరిపడా మాత్రమే, అదీ చెక్కల మీద పేర్చి, పైన పట్టా కప్పి.

ఇక చెరువు ఒడ్డున మా కుప్ప. ట్రాక్టర్ పెట్టించి ఫతుల్లాగూడకి తరలించాం. కూలీలకి, కిరాయికి నాన్న జేబు బాగానే ఖాళీ అయింది. మొదటే పంపిస్తే ఇందులో సగం మిగిలేది కదా అని ఇప్పటికీ సణుగుతుంటాడు. ఏరిన బండలు పదకొండు మాత్రం బాగున్నాయి. కొత్త వాకిట్లో వేయిస్తున్నాం. పాల లెక్క పెళ్ల నా టేబుల్ మీదుంది.

మీ వీధిలో ఇల్లేదైనా కూలుస్తుంటే ట్రాక్టర్ కదలకముందే ఒక్క మాట అడగండి: "అన్నా, ఇది ఎక్కడ పోస్తవ్?"